పన్నెండు పనసతొనలు

మునిస్వామి బోనును వేపాకు నీళ్లతో రెండోసారి కడుగుతున్నాడు. మొదటిసారి ఎన్నూరులో తన ఇంటి దగ్గరే కడిగి, కొబ్బరిపీచు పొగ పట్టించి, గోనెసంచిలో చుట్టి చింతాద్రిపేట దాకా మోసుకొచ్చాడు. బోనుకు మనిషి వాసన ఉండకూడదు. అందుకని నిన్నటినుంచి తలకు నూనె కూడా రాసుకోలేదు. అంత జాగ్రత్తగా తెచ్చిన బోనును వెనక వసారాలో దించి మంచినీళ్లు తాగి వచ్చేలోపల, ఆ ఇంటి పెద్దావిడ వాసవాంబ దానికి పసుపు పూసి, మూడు కుంకుమబొట్లు పెట్టి, ముందు కర్పూరం వెలిగించింది.

"ఇనుప సామాను గదబ్బా. ఇంట్లోకి వచ్చేటప్పుడు పూజ చెయ్యకుండా ఎట్లా?" అంది.

"పూజ మంచిదే పెద్దమ్మా. కర్పూరం వాసన తగిలితే ఆ మానుపిల్లి తిన్నగా మైలాపూరుకి పోతాది."

"పోతే మంచిదే గదా. పట్టే పని తప్పతాది."

వాసవాంబకు డెబ్బై ఆరేళ్లు. సన్నగా, చురుగ్గా, కళ్లద్దాల పైనుంచి చూసే మనిషి. బోను తెప్పించింది ఆమె కాదు, కోడలు వాసంతి. పాత పెంకుటింటి అటక మీద రాత్రిళ్లు ఏదో దబ్‌దబ్‌మని పరిగెత్తుతోందనీ, వెనక వసారాలో వేలాడే అరటిపళ్లు మాయమవుతున్నాయనీ ఆమె అటవీశాఖకు ఫోన్ చేసింది. వాళ్లు మునిస్వామిని పంపారు. ఎన్నూరు ఉప్పుమళ్ల దగ్గర నక్కలు పట్టినవాళ్ల కొడుకు అతను. ఇప్పుడు పట్టణంలో మానుపిల్లి, అంటే చెట్లెక్కే పునుగుపిల్లి, ఇళ్లలో చొరబడితే శాఖవాళ్ల కాగితం పట్టుకొని వచ్చి, ప్రాణం పోకుండా పట్టి అప్పగిస్తాడు.

పిట్టగోడ మీది పెంట చూసి, కూనిరాగం తీస్తూ అటక మెట్లెక్కి వాసన పీల్చి దిగాడు. ఉడికిన బాస్మతి అన్నంలాంటి వాసన. "ఉండాదమ్మా. మానుపిల్లే. కేబుల్ తీగల మీద నడిచి వచ్చి ఈ పైపు పట్టుకోని దిగతా ఉండాది" అన్నాడు.

వాసంతి ముఖం వెలిగింది. "మా ఆయనకి చెప్పండి ఆ మాట. నేను చెప్తే నమ్మటంలా."

తర్వాత ఎరల సంగతి వచ్చింది. మునిస్వామి తన నాలుగు అరల కారియర్ తెరిచాడు. పై గిన్నెలో రస్తాళి అరటిపళ్లు. రెండోదాంట్లో తాటిబెల్లం పాకం. మూడోదాని మూత సగం తియ్యగానే వాసవాంబ చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమబ్బా అది?"

"నెత్తిళ్ల కరువాడు పెద్దమ్మా. కింద గిన్నెలో కోడిగుడ్డు ఉండాది."

"ఎండు చేపలా? ఈ ఇంట్లో మూడు తరాలుగా గుడ్డు గడప దాటలా. మూసెయ్యి. మూసి వీధిలో పెట్టు ఆ గిన్నెల్ని."

"ఒక్కో జంతువుకి ఒక్కో రుచి పెద్దమ్మా. ఒకటి పండుకి వస్తాది, ఒకటి నీచుకే వస్తాది. దాని నోరు ఏమడగతా ఉందో తెలిస్తేనే బోను పని చేస్తాది."

"మా ఇంట్లో ఉండే పిల్లి మా మాదిరే తింటాది. శాకాహారమే పెట్టు" అని ఆమె తేల్చేసింది. పెట్టనులెమ్మని మునిస్వామి ఒప్పుకున్నాడు.

నీచు ఎర లేకుండా కూడా పట్టొచ్చు, కాలం పడుతుంది. కానీ కాలం లేదని సాయంత్రం ఆరింటికి తెలిసింది. ఇంటాయన వెంకట్రామ్, తంగసాల వీధిలో పసుపు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఉన్నవాడు, లోపలికి వచ్చి చెప్పులు విడిచి, చెయ్యి కడుక్కోకుండానే హాలులో కుర్చీలో కూర్చున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తున్న కన్నియమ్మ, కొంగు దోపుకొని వంటింట్లోంచి వచ్చి, అతనెదుట నిలబడి తన సంచి తెరిచింది. ఎవరూ తెరవమనలేదు. అలవాటైపోయినట్టుంది. టిఫిన్ డబ్బా, దువ్వెన, మోకాలి నొప్పి మందు, బస్సు పాసు. వెంకట్రామ్ టిఫిన్ డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టాడు.

సంచి తెరుచుకుంటున్నప్పుడే వాసవాంబ లేచి పూజగదిలోకి వెళ్లి గంట వాయించడం మొదలుపెట్టింది. సంచి మూసేదాకా వాయించింది.

"మానుపిల్లి ఉండొచ్చు" అన్నాడు వెంకట్రామ్ మునిస్వామితో. "అరటిపళ్లు తినొచ్చు. కాని తొమ్మిది మైసూర్‌పాకులు తిని, డబ్బా మూత మళ్లీ గట్టిగా పెట్టే పిల్లిని నేను చూళ్లా. తాటిబెల్లం డబ్బా కూడా అంతే. శుక్రవారం లోపల పట్టి చూపించు. లేకుంటే శుక్రవారంతో కన్నియమ్మకి ఈడ పని లేదు."

కన్నియమ్మ సంచి భుజాన వేసుకొని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

మంగళవారం పొద్దున్నే మునిస్వామి మొదటి రైల్లో సెంట్రల్‌లో దిగి వచ్చేసరికి బోను తలుపు పడి ఉంది. లోపల, అరటిపండు తొక్కతో సహా తినేసిన ఒక పందికొక్కు, పొట్ట నిండిన సంతోషంతో కదలకుండా కూర్చుని ఉంది. వాసంతి చూసి, "ఇదేనా?" అంది ఆశగా. కాదని చెప్పడానికి మునిస్వామికి మనసు రాలేదు. కానీ చెప్పాడు.

ఆ రోజు అతను చింతాద్రిపేట బజారంతా తిరిగి పండ్రుట్టి పనసపండు ఒకటి కోయించి, మంచి తొనలు పన్నెండు ఏరాడు. చిన్నవి పెడితే ఒకే గుటకలో మింగి పోతుంది, పెద్దవైతే ఆగి తింటుంది, ఆగితే బోను తలుపు పడేసే పలక మీద కాలు పడుతుంది. ఒక్కోదాన్నీ తాటిబెల్లం పాకంలో ముంచి అరటాకు మీద ఆరబెట్టాడు. వాసవాంబ కొంచెం దూరంలో స్టూలు మీద కూర్చుని దీపానికి వత్తులు చేస్తూ ఆ పనంతా చూసింది.

"పండ్రుట్టిదేనా?" అని అడిగింది.

"ఆమా పెద్దమ్మా."

"ఈ ఇంటికి పనసపండు వచ్చి మూడేళ్లయింది. నాకు షుగరు గదా, తెస్తే నేను చూస్తానని వీళ్లు తేరు." తొనలు లెక్కపెట్టి, "పిల్లికి అన్ని పెట్టాల్నా?" అంది.

"వాసన దూరం పోవాల గదా."

"పోతా ఉంది" అంది వాసవాంబ.

మునిస్వామి బోను ముందు అరటాకు మీద నాలుగు తొనలు వరసగా పెట్టాడు, దారి చూపించడానికి. మిగతా ఎనిమిదీ లోపల, తొక్కుడు పలక అవతల పెట్టాడు. వెనకవైపు ఎర పెట్టే చిన్న తలుపు తీసి, మళ్లీ కొక్కెం వేశాడు. చుట్టూ ముగ్గుపిండి జల్లెడతో చల్లాడు, అడుగులు పడితే చదవొచ్చని. పిల్లికి నాలుగు వేళ్లు పడతాయి, మానుపిల్లికి అయిదు.

ఆ తర్వాత అటూ ఇటూ చూశాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం అతని చెవిలో ఒకటే చెప్తోంది: అటక మీద పావురాయి ఈకలున్నాయి. ఇది నీచు తినే జంతువు. వాసవాంబ లోపలికి వెళ్లగానే, జేబులోంచి కోడిగుడ్డు తీసి వెనక తలుపు దగ్గర అరటాకు ముక్క కింద దాచాడు. మాట తప్పినట్టే. కానీ శుక్రవారం మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

బుధవారం పొద్దున అతను బోను ముందు గొంతుకూర్చుని చాలాసేపు లేవలేదు. తలుపు పడలేదు. పన్నెండు తొనలూ లేవు. గుడ్డు ఉన్నచోటే ఉంది. ముగ్గుపిండి మీద ఒక్క అడుగు లేదు. పైగా నిన్న తను చల్లినదానికంటే పలచగా, సమంగా, గీత గీసినట్టు ఉంది.

పలక పట్టేసిందేమోనని అరకిలో బెల్లం దిమ్మె పెట్టి చూశాడు. ధడేలుమని తలుపు పడింది. పావుకిలో పెట్టాడు. పడింది. తన చెప్పు పెట్టాడు. అదీ పడింది. స్ప్రింగు విప్పి, ఇసుకతో తోమి, మళ్లీ బిగించాడు. పది గంటలకల్లా అతనికి తన చేతిపని మీదే నమ్మకం పోయింది. గాలిలో ఎగిరే మానుపిల్లి ఏదైనా ఉందా అని కూడా ఆలోచించాడు.

మధ్యాహ్నం అయినా అతను కదలకపోవడం చూసి వాసంతి వసారాలోనే ఆకు వేసి అన్నం పెట్టింది. "రాత్రికి పడతాదిలే అన్నా, తినండి" అంటూ పులుసు పోసింది.

రెండో ముద్దలో పంటి కింద ఏదో మెత్తగా, పిండిపిండిగా తగిలింది. మునిస్వామి నమలడం ఆపాడు. వేలితో పులుసు కలిపి చూశాడు. పనసగింజలు. సగానికి కోసినవి, పొట్టు శుభ్రంగా వలిచినవి.

"ఈ గింజలు యాడివమ్మా?"

"మా అత్తగారు ఇచ్చినారు. ఎప్పటివో దాచిపెట్టుకున్నారంట. పొద్దున్నే వలిచి, కోసి పెట్టినారు."

ఎప్పటివో దాచిన గింజ ఎండి గలగలమంటుంది. ఇది పచ్చిది. పైగా పులుపు కింద, నాలుక చివర, సన్నగా తాటిబెల్లం తీపి. మునిస్వామి ఆకులో ముక్కలన్నీ ఒక పక్కకు లాగి చూశాడు. తర్వాత, వేరే ఏం చెయ్యాలో తోచక, తినేశాడు. బాగున్నాయి.

వాసవాంబ పక్క గుమ్మంలో స్టూలు మీద కూర్చుని వత్తులు చేస్తోంది. వాసంతి గిన్నెలు తీసుకొని లోపలికి వెళ్లేదాకా ఆగి, మునిస్వామి చెయ్యి కడుక్కొని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"పులుసు బాగుండింది పెద్దమ్మా."

"వాసంతి చెయ్యి మంచిది."

"గింజలు ఇంకా బాగుండాయి. పాకం వాసన కూడా పోలా."

వత్తి చేసే వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. "అట్లనా" అంది వాసవాంబ. పత్తి కొంచెం లాగి అరచేతిలో తిప్పింది. "నేనూ ఒకటి అడగాలనుకుంటా ఉండా మునిసామీ. బోను వెనకాల, ఆకు కింద, తెల్లగా గుండ్రంగా ఉండాదే, అదేంది? నిమ్మకాయ అనుకున్నా. నిమ్మకాయ అంత తెల్లగా ఉండదే."

మునిస్వామి ఆమె వైపు తిరిగాడు. వెనక కొక్కెం తీసి, గుడ్డుకు చెయ్యి తగలకుండా చుట్టూ తిప్పి ఎనిమిది తొనలు తీసుకొని, కొక్కెం వేసి, ముగ్గుపిండి సర్దిపెట్టిన ఆ చేతి వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఏ జంతువూ అతని బోనుకు అంత మర్యాద చెయ్యలేదు. మైసూర్‌పాకు డబ్బా మూత కూడా ఇప్పుడు అర్థమైంది. ఆమె చెయ్యి ఏది తెరిచినా మూయకుండా ఉండలేదు.

"పట్టుకున్నాక దాన్ని ఏం చేస్తారు?" అని అడిగింది వాసవాంబ.

"తీసుకోనిపోయి అడవిలో వదుల్తారు."

"ముసలిదైతే?"

"ముసలిదైనా అంతే పెద్దమ్మా."

"పాపం. ఆడ దానికి ఎవరు పెడతారు." వత్తి పక్కన పెట్టి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మూడేళ్లుగా ఈ ఇంట్లో ఏ డబ్బా తెరిచినా ఓట్సే మునిసామీ. పొద్దున ఓట్సు, రాత్రి ఓట్సు. ఆవులు కూడా మధ్యలో ఒకసారి పిండి తింటాయి. నోరు చచ్చిపోయిందబ్బా."

మునిస్వామికి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. "కన్నియమ్మ సంచి చూస్తా ఉండారు గదా పెద్దమ్మా" అన్నాడు మెల్లగా.

వాసవాంబ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నువ్వు దాన్ని పట్టేస్తే చూడరు గదా. అంతా దాని మీదికి పోతాది. పట్టు. దానికి ఏం కావాల్నో అదే పెట్టు. నాకు కనపడకుండా పెట్టు" అంది.

బేరం కుదిరిందని మునిస్వామి అనుకున్నాడు. ఎవరికీ నష్టం లేని బేరం. పిల్లి అడవికి పోతుంది, పెద్దావిడ పరువు నిలబడుతుంది, కన్నియమ్మ పని నిలబడుతుంది. కానీ ఆ సాయంత్రం వెంకట్రామ్ కుర్చీలో కూర్చోగానే కన్నియమ్మ సంచి తెరవలేదు. రెండు చేతుల్తో పట్టుకొని నేల మీద బోర్లించింది. దువ్వెన జారి మునిస్వామి కాలి దగ్గరకు వచ్చింది. పూజగదిలో గంట మోగుతోంది. మునిస్వామి దువ్వెన తీసి ఇచ్చాడు. ఆమె "థాంక్స్ అన్నా" అంది. అతనికి ఆ మాట కంటే తిట్టు నయమనిపించింది.

ఆ రోజు గుడ్డుకు మేకుతో చిన్న బెజ్జం చేశాడు, వాసన బయటికి రావాలని. మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి దాచిన సీసా తీసి, చేపనూనె ఒక్క చుక్క పలక అవతల కమ్మీకి రాశాడు. బోను మీద గోనె కప్పి, ముఖం మాత్రం తెరిచి ఉంచాడు. కప్పి ఉన్నదాంట్లోకి దూరడం ఆ జాతికి ఇష్టం.

గురువారం పొద్దున తలుపు పడి ఉంది. గోనె కొంచెం ఎత్తి చూస్తే లోపల బూడిదరంగు ఒళ్లు, నల్ల ముఖం, ఒంటికంటే పొడుగు తోక. మానుపిల్లి మూలకు ముఖం పెట్టుకొని, అందరూ వెళ్లిపోతే బాగుండునన్నట్టు కూర్చుంది. పక్కన గుడ్డు పెంకులు. మునిస్వామి చెయ్యి పెట్టి పెంకులు తీసి జేబులో వేసుకున్నాడు. ఫోన్ చేస్తే పది గంటలకు వాను పంపుతామన్నారు శాఖవాళ్లు.

వెంకట్రామ్ లుంగీ మీదే వచ్చి ఫోన్‌లో పదిహేను ఫొటోలు తీశాడు. "దొరికినావా నాయనా" అన్నాడు పిల్లితో. "పనసతొనలకే గదా పడింది?"

మునిస్వామి తల ఊపాడు. అది ఔననా, కాదనా అనేది అతనికే తెలియలేదు. గుమ్మంలో వాసవాంబ నిలబడి ఉంది.

అప్పుడే కన్నియమ్మ పనికి వచ్చింది. సంచి భుజాన ఉండగానే వంగి బోనులోకి చూసింది. చూసి, నిండా ఊపిరి పీల్చింది.

"ఇదిగో కన్నియమ్మా" అన్నాడు వెంకట్రామ్. మంచి హుషారుగా ఉన్నాడు. "దొంగ దొరికింది. డబ్బా మూతలు తీసి పెట్టటం మాత్రం దీని పని కాదు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. సరే పోనీ. అంతవరకు నేను మన్నించేస్తా ఉండా. రేపట్నించి సంచి చూపించక్కర్లా."

"నేను ఏం చేసినానని మన్నిస్తా ఉండారు సార్?" అంది కన్నియమ్మ.

"అదే, పాతవన్నీ మరిచిపోదాం అంటా ఉండా గదా."

కన్నియమ్మ సంచి పట్టీని భుజం మీద సర్దుకుంది. మునిస్వామి జేబులో పెంకులు గుచ్చుకున్నాయి. బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది పనస ముట్టలా సార్. గుడ్డుకి పడింది. నేనే తెచ్చి పెట్టినా. మీ ఇంట్లో పెట్టనని చెప్పి పెట్టినా. తప్పే."

వెంకట్రామ్ రెండడుగులు వెనక్కు వేశాడు. "గుడ్డా? పూజగది పక్కన? ఏందయ్యా ఇది?" అంటూనే అతని లెక్క ఇంకోవైపు తిరిగింది. "అయితే మొన్న పన్నెండు తొనలు ఎవరు తిన్నారు?" అని కన్నియమ్మ వైపు చూశాడు.

మునిస్వామికి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. నిజం చెప్పి ఆమెను ఇంకొంచెం లోతులోకి తోశాడు. నోరు తెరిచాడు గానీ, తర్వాతి మాట అతను చెప్పవలసింది కాదు.

"గుడ్డు ఉండాదని నాకు తెలుసురా" అంది గుమ్మంలోంచి వాసవాంబ. "నేను చూసినా. తొనలు ఎత్తుకుంటా ఉన్నప్పుడు చూసినా."

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది.

"తాటిబెల్లం కూడా నేనే. మైసూర్‌పాకు తొమ్మిది కాదు, ఎనిమిదే. ఒకటి నిజంగానే చీమలు తిన్నాయి."

"అమ్మా, నీ షుగరు…" అన్నాడు వెంకట్రామ్.

"ఆ గింజలు నా చేతనే వండించినారా అత్తా?" అంది వాసంతి.

"మంచి గింజలే. పారేసేదానికి చెయ్యి రాలా."

వాసంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. వెంకట్రామ్ మాత్రం తల్లినీ, పెంకుల్నీ, పిల్లినీ మార్చి మార్చి చూస్తున్నాడు. చూడవలసిన మనిషిని మాత్రం చూడటం లేదు.

కన్నియమ్మ నేరుగా హాలులోకి వెళ్లింది. తొమ్మిదేళ్లుగా ఆమె ఆ ఇంట్లో కూర్చున్నది నేల మీదే. వెంకట్రామ్ సాయంత్రాలు కూర్చునే కుర్చీని వసారా గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, సంచి ఒళ్లో పెట్టుకొని అందులో కూర్చుంది.

వాసవాంబ ఆమె ముందుకు వచ్చి నిలబడింది. "తిట్టు కన్నియమ్మా" అంది.

"తిడతా పెద్దమ్మా. ఇరవై రోజులు సంచి తెరిచిన తిట్టు ఉండాది, నిలబడి తిట్టేది కాదు. బస్సు దొరక్క నడిచి వచ్చినా. మొదట కాఫీ కావాల."

వాసంతి వంటింటివైపు కదిలింది. వాసవాంబ చెయ్యి అడ్డం పెట్టి ఆపి, తనే లోపలికి వెళ్లింది. స్టవ్ వెలిగిన చప్పుడు, పాలు పొంగిన చప్పుడు, చెంచా తిరిగిన చప్పుడు వసారాలోకి వినిపించాయి. వెంకట్రామ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"కన్నియమ్మా, నేను… మనసులో పెట్టుకోవద్దు. తప్పు నాదే."

"ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి సార్. పక్కింటాళ్లు కూడా విన్నారు గదా, సంచి తెరిచేది."

వెంకట్రామ్ ప్రహరీ వైపు చూశాడు. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ చెయ్యి ఆపింది. "తప్పు నాదే" అన్నాడు, గట్టిగానే.

వాసవాంబ పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టుకొని వచ్చింది. ఒకటి కన్నియమ్మకు ఇచ్చి, ఇంకోటి తను పట్టుకొని స్టూలు మీద కూర్చుంది. కన్నియమ్మ తన కాఫీ ఒక గుక్క తాగింది. తల ఊపింది. తర్వాత ఎడంచెయ్యి చాపింది.

"ఏదీ, మీది ఈడ ఇవ్వండి."

వాసవాంబ ఇవ్వడానికి కొంచెం సేపు పట్టింది. కన్నియమ్మ ఆ గ్లాసులోంచి నాలుగు చుక్కలు అరచేతిలో ఒంపుకొని నాలుకకు తాకించింది.

"ఒకటిన్నర చెంచా."

"ఒకటే" అంది వాసవాంబ.

కన్నియమ్మ గ్లాసు ఆమె వైపు చాపింది. చూసిందంతే.

"ఒకటిన్నరే" అని ఒప్పుకొని వాసవాంబ గ్లాసు వెనక్కు తీసుకొని, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి, మళ్లీ వంటింట్లోకి నడిచింది.

వీధిలో అటవీశాఖ వాను హారన్ మోగింది. మునిస్వామి గోనె అంచు ఎత్తి, మానుపిల్లికి కాస్త గాలి తగిలేలా చేశాడు గానీ లేవలేదు. రెండో కాఫీ ఎట్లా వస్తుందో చూసి పోదామని అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.